ఈసారి కునుకు తీయనివ్వరు

అత్తయ్యకు,

ఇంటి తాళంచెవి కోసం కాలేజీకి వచ్చి, నా కమ్యూనికేషన్ స్కిల్స్ క్లాసులో వెనక బెంచీ మీద గుర్రుపెట్టి నా పరువు తీశానని కుమిలిపోతున్నావట. ముందు ఆ బాధ మానెయ్.

ఆ రోజు మాట్లాడినవాడు మా ఇంజనీరింగు పిల్లల్లో ఫస్టు ర్యాంకు. లిఫ్టు ఎలా పనిచేస్తుందో చెప్పమంటే, మనకు వీపు చూపించి తెరతో మాట్లాడాడు. నేను ఉద్యోగం కోసం మేలుకుని ఉన్నాను, అంతే.

మెలకువ వచ్చాక నువ్వు పక్కనున్న అమ్మాయిని, "ఇంతకీ అంత బరువు ఎలా లాగుతుందమ్మా?" అని అడిగావు కదా. ఏడాదిగా నేను బతిమాలినా నోరు విప్పని పిల్ల అది. తన ఐడీ కార్డు తాడు తీసి, ఒక కొసకు నేనిచ్చిన తాళంచెవుల గుత్తి, రెండో కొసకు నీ కళ్లజోడు పెట్టె కట్టి, పెన్సిలు మీద వేలాడదీసింది.

"ఇది లిఫ్టు, అది దానికి సరితూగే బరువు. ఇది దిగుతుంటే అది ఎక్కుతుంది మామ్మగారూ. మోటారు లాగాల్సింది ఆ కాస్త తేడానే."

"ఓసి, ఇంతేనా" అని నువ్వన్నప్పుడు క్లాసంతా మీ వైపే తిరిగి ఉంది. నువ్వు చూడలేదు. ఆ పిల్లా చూడలేదు, చూసుంటే ఆపేసేది.

నిన్న ఫస్టు ర్యాంకువాడు వచ్చి, "మేడమ్, మీ అత్తయ్యగారిని మళ్లీ పిలవండి. ఈసారి పడుకోనివ్వను" అన్నాడు. తక్కినవాళ్లదీ అదే మాట.

అందుకని గురువారం తప్పకుండా రా. క్లాసు కావాలనే మధ్యాహ్నం భోజనాలయ్యాక పెట్టాను. ఇంట్లో ముందే ఓ కునుకు తీసి మాత్రం రావద్దు. గెలిస్తే పిల్లలు న్యాయంగా గెలవాలి.

నీ మేనకోడలు