రాణిని ఎవరు తిడ్తరు?

బుజ్జమ్మా,

నువ్వు పోయి నేటికి ఏడాది. దుబాయి పక్కన ఈ అజ్మాన్‌లో నేను వంట చేసే హైదరాబాదు వాళ్ల అమ్మాయికి బడిలో క్లియోపాత్రా వేషం. జడలు వేస్తుంటే కథ చెప్పింది. రాజ్యం నిలుపుకోవడానికి ఆ రాణి రోము వీరులిద్దరిని ప్రేమతో తన వైపు తిప్పుకుందట.

"వాళ్లమ్మ తిట్టలేదా?" అన్నాను.

"అరే ఆంటీ, రాణిని ఎవరు తిడ్తరు?" అని నవ్వింది.

నువ్వు ప్రేమించిన శీను పేరెత్తగానే నేను ఫోన్ పెట్టేశాను. మళ్లీ చేసేలోపే జ్వరం నిన్ను తీసుకుపోయింది.

పొద్దున మేడ మీద నీకిష్టమైన పచ్చిపులుసు, అన్నం పిట్టకు పెట్టాను. పోయినవాళ్లకు కోరిక మిగిలితే కాకి ముట్టదంటారు. కాకి వచ్చి గోడ మీద వాలింది గానీ ముట్టలేదు. శీనుకు ఫోన్ చేసి, "తిన్నవా కొడుకా?" అని అడిగాను. ఏడ్చాడు.

ఇది రాస్తుంటే కాకి ఇంకా గోడ మీదే ఉంది. నేను పక్కకు పోతున్నాను. కడుపునిండా తిను బిడ్డా.