బావ పేరు పెట్టి కట్టిన పాట

అక్క నాగమ్మకు తమ్ముడు ముత్తయ్య దండాలు పెట్టి రాసేది. మీరంతా ఎలా ఉన్నారని అడగడానికి నాకు మొహం లేదు, అయినా అడుగుతున్నాను. అత్తమ్మ మోకాళ్ల నొప్పులు తగ్గాయా? పిల్లలు బడికి పోతున్నారా? బావ ఇల్లు చేరాడా? అన్నిటికన్నా ముందు అది చెప్పు. నువ్వు ఫోను ఎత్తడం లేదు కాబట్టి మన ఊరి దగ్గర తర్రెం దాకా వచ్చే పికప్ బండి డ్రైవరు చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

కిరండూల్‌లో నేను బాగానే ఉన్నాను, నా ఒంటి గురించి బెంగ పెట్టుకోకు. కాంట్రాక్టు పట్టిన ఠేకేదారు దగ్గర అదే పని, ఇనప గని నుంచి దిగిన డంపరు లారీలు కడగడం. వాన తెరిపి ఇవ్వడం లేదు. ఉతికిన చొక్కా ఆరేసరికి గని మట్టికి మళ్లీ ఎర్రబడుతోంది. మెస్సులో రోజూ పప్పూ ఆలుగడ్డే. గదిలో ఒక్కణ్ణే పడి ఉండలేక బ్యాండులో చేరానని పోయిన నెల చెప్పాను కదా. భాస్కర్‌ది గిటారు, వాళ్ల నాన్న విశాఖ నుంచి గని పనికి వచ్చాడు. సుక్కుది డ్రమ్ము, ఇంట్లో బస్తరువాళ్ల హల్బీ భాష మాట్లాడతాడు. పాట నాది. వాళ్లు వాయించేదాన్ని రెగే అంటారు. మనం దెబ్బ వేసే చోట ఊరుకుంటారు, ఊరుకునే చోట వేస్తారు. ఎక్కడో నల్లవాళ్లు తమ కష్టం చెప్పుకోవడానికి కట్టిన తాళమట. మన కష్టం కూడా అందులో పడుతుందని భాస్కర్ అన్నాడు.

అలా మా మొదటి పాట కట్టాం. మన గుట్ట మీద సర్వేవాళ్లు గని కోసం రంధ్రాలు వేయడం, ఊరంతా ఒప్పుకుందని కాగితం చూపడం, ఆ కాగితం మీద బావ వేలిముద్ర ఉండటం, అన్నీ పెట్టాను. పెళ్లిళ్లలో బావను ఎక్కిరించి పాడటం మనకు అలవాటే కదా. నీ పెళ్లిలో నేను పాడితే బావ అందరికన్నా గట్టిగా నవ్వాడు. ఆ లెక్కనే ఇందులోనూ "వేలు పెట్టిన ఎర్రయ్య బావో, గుట్ట ఏ సంచిల దాచినవో" అని పాడాను. బావ విని నవ్వుతాడనుకున్నాను. నిజంగా అనుకున్నాను అక్కా.

పాట ఫోన్లలో పాకిపోయింది. ఆటోల్లో, టీ కొట్ల దగ్గర, సంతలో అదే. విన్నవాళ్లు మిగతా పాట వదిలేసి ఎర్రయ్య పేరు పట్టుకున్నారు.

పోయిన గురువారం బావ ఇక్కడికి వచ్చాడు. నేను డంపరు కింద ఉన్నాను, ముందు ఆయన కాళ్లే కనపడ్డాయి. గుట్ట అమ్ముకున్నోడని ఊరు వెలేసిందని, మీ నాట్లకు ఒక్కరూ రాలేదని, అడవిలోంచి ఎవరో ఇద్దరు రెండుసార్లు ఇంటికొచ్చి ఆయన ఎక్కడని అడిగి పోయారని చెప్పాడు. కేకలు వేయలేదు. తిట్టి ఉంటే నాకు కొంచెం నయంగా ఉండేది.

"బావంటే నీకు నాకు ఎరుక. ఫోన్ల విన్నోళ్లకు ఏం ఎరుకరా? ఆళ్లకు నేను గుట్ట అమ్మినోణ్ణే," అన్నాడు.

ఊరికి పోవద్దు, నా గదిలో ఉండమని కాళ్లు పట్టుకున్నాను. సరేనన్నట్టు తల ఊపాడు. మెస్సు నుంచి అన్నం తెచ్చేసరికి గదిలో లేడు. బస్టాండు, స్టేషను, లేబర్ గుడిసెలు, అన్నీ వెతికాను. ఆదివారం పికప్ డ్రైవరు వచ్చి ఊళ్లో కూడా కనపడలేదన్నాడు.

భాస్కర్‌కు చెప్పగానే పాట తీసేశాడు. ఏం లాభం? నిన్న టీ కొట్టు దగ్గర ఎవరో ముసలాయన ఆ ముక్కే కూనిరాగం తీస్తున్నాడు. ఆ పేరు అనొద్దని చేతులు జోడిస్తే నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూశాడు.

అక్కా, ఇప్పుడు రాసేది నీకూ తెలియదు. ఆ కాగితం తెచ్చిన రోజు బావ వేలిముద్ర వేయనన్నాడు. హిందీ వచ్చినోడివి కదా, నువ్వు సదువు అని నా చేతికిచ్చాడు. పైన ఉన్నది చేతిపంపు దరఖాస్తు. దాని కింద ఇంకా మూడు కాగితాలున్నాయి. నేను తిప్పలేదు. నాకు సంతకు పోయే తొందర. "పంపు కోసమే, వెయ్యి బావా" అని ఆయన వేలు పట్టుకుని సిరాలో అద్దింది నేనే. అడుగున ఉన్నవి గుట్ట ఇచ్చే ఒప్పుకోలు కాగితాలని తర్వాత తెలిసినా నోరు మెదపలేదు. పైగా పాట కట్టాను. గురువారం కూడా బావ ఆ మాట ఎత్తలేదు. ఊళ్లోనూ నా పేరు చెప్పలేదు, చెప్పి ఉంటే ఆయన్ను వెలేసేవాళ్లు కాదు.

ఈ ఉత్తరం పెద్దల ముందు చదువు. ఒక్క ముక్క కూడా వదలకు, నా మీద జాలిపడి అసలే వదలకు. అత్తమ్మ కాళ్లకు నా దండం, పిల్లలను దగ్గరికి తీసుకున్నానని చెప్పు. దీవించమని నిన్ను ఈసారి అడగను.

శనివారం బస్సుకు వస్తున్నాను. ఆ ఇద్దరూ మళ్లీ వచ్చి బావ ఎక్కడని అడిగితే, బస్సు దిగేవాళ్లలో నన్ను చూపించు.

నీ తమ్ముడు
ముత్తయ్య