వెన్నరంగు గది

చలి మొదలైన వారం, సోమవారం

ప్రియమైన నా అమ్మడికి,

నీ ఉత్తరం అందింది. అందడం ఏమిటిలే, పోస్టుమాన్ చేతిలోంచి లాక్కున్నాను. "ఏంటి పెయింటర్ గారూ, లాటరీ తగిలిందా?" అన్నాడు. "లాటరీ ఏపాటిదయ్యా! మా అమ్మాయి వచ్చేస్తోంది. చూసి పోవడానికి కాదు, ఉండిపోవడానికి!" అని వీధంతా వినబడేలా చెప్పాను. అతను సంతోషం పట్టలేక సైకిల్ వదిలేసి నా చేయి పట్టుకుని ఊపాడు. సైకిల్ కాస్తా పడిపోయింది. వీధిలో ఎగిరిన ఉత్తరాలు ఏరడానికి ఇద్దరికీ పావుగంట పట్టింది.

పన్నెండేళ్ళు, అమ్మడూ! పన్నెండేళ్ళు ఆ నాటకాల కంపెనీ కుట్టుగదిలో కూర్చుని, లేని రాజులకి కోట్లు, లేని రాణులకి గౌన్లు కుట్టావు. చలికాలం చివరికల్లా వచ్చేసి మన ముందు గదిలో నీ సొంత అతుకుల బొంతల కొట్టు పెట్టుకుంటానని రాశావు చూడు, ఆ వాక్యం ఎన్నిసార్లు చదివానో! చదివిన ప్రతిసారీ ఇప్పుడే తెలిసినట్టు గుండె ఎగిరి పడుతోంది.

ముందు గది సంగతి నాకు వదిలెయ్. సామానంతా వెనక గదిలోకి తోసేశాను. గోడలు గీకి, పగుళ్ళకి లప్పం పెట్టి, గరుకు కాగితంతో రుద్ది రుద్ది అద్దంలా చేశాను. రంగు కూడా ఖాయం. వెన్నరంగు. పసుపు కాదు, తెలుపు కాదు. వెన్నముద్ద మీద పొద్దుటి ఎండ పడితే ఎలా ఉంటుందో, అది. ఏ కొట్టువాడి డబ్బాలోనూ దొరకదు. నేనే కలుపుతున్నాను. నలభై ఏళ్ళు రంగుల పుస్తకం తెరవకుండా కంటితోనే కలిపిన చేయి ఇది. బహుశా నేను వేసే ఆఖరి గది ఇదే. నా కూతురి గది రంగు తప్పితే ఇన్నేళ్ళు నేను చేసిన పని ఒక పనేనా?

మన పద్ధతి మర్చిపోలేదు. కాగితం మూలన బొటనవేలితో రంగు అద్దాను. ఒక రోజంతా ఆరబెట్టాకే కవరులో పెడుతున్నాను. తడిరంగు మాట నమ్మకూడదని నీకు నాలుగేళ్ళప్పుడే నేర్పినవాణ్ణి కదా. దీనికి కలిసేట్టు కిటికీ తెరలూ దిండు గలీబులూ కుట్టుకో.

ఇంకో సంగతి. మనింట్లో పిల్లి చేరింది. నేనేం పిలవలేదు. చలి మొదలైన రోజు తలుపు తీస్తే నా కాళ్ళ మధ్యలోంచి వచ్చి, బ్రష్షుల డబ్బా పక్కన ఇంటి యజమానిలా కూర్చుంది. అదీ వెన్నరంగే! చూశావా ఎంత కలిసొచ్చిందో! మన పక్క బేకరీ చెల్లెమ్మ మాత్రం, "అన్నయ్యా, ఇది మా పిండిలో దొర్లి వచ్చినట్టుంది" అంటుంది. రొట్టెలు కాల్చుకునే మనిషికి రంగులేం తెలుస్తాయి? పాపం, మనసు మంచిది. నిన్న అల్లం బిస్కెట్లు ఇచ్చింది. ఇవాళ ఇద్దరం కూర్చుని నారింజ తొక్కలు సన్నగా తరిగి చక్కెర పాకంలో వేశాం. ఇల్లంతా ఆ వాసనే. దుప్పట్లు కూడా తియ్యగా ఉన్నాయి.

ఒకటి చెబితే నవ్వకు. నువ్వు వస్తానని రాసినప్పటి నుంచీ లోకమంతా బంగారు పూత పూసినట్టుంది. వీధిదీపం చుట్టూ ఉంగరం. టీ కప్పు మీద ఆవిరి బంగారం. పొద్దున లేస్తే మంచు కూడా తేనెలో ముంచినట్టుంటుంది. సంతోషానికి రంగు ఉంటుందని డెబ్భై ఆరేళ్ళకి తెలుసుకున్నాను.

త్వరగా రా తల్లీ.

కాళ్ళు నేలమీద ఆనని
నీ నాన్న

•

పది రోజుల తర్వాత

ప్రియమైన నాన్నకి,

జవాబు ఆలస్యమైంది, కోప్పడకు. నీ ఉత్తరం చదివి కుట్టుగదిలో అందరికీ వినిపించాను. సైకిల్ పడిపోయిన చోట రెండుసార్లు చదివించుకున్నారు.

ఇప్పుడు రాయబోయేది ఎలా రాయాలో తెలియక నాలుగు కాగితాలు చింపాను. ఉన్నదున్నట్టు రాసేస్తాను. నీ బొటనవేలి ముద్ర కత్తిరించి, మధ్యాహ్నం కిటికీ వెలుగులో పెట్టాను. వెన్నరంగు దారాలన్నీ పక్కన పెట్టి చూశాను. ఒక్కటీ కలవలేదు. కలిసిన దారం ఏదంటే, వాన వెలిసిన ఆకాశం రంగుది. నాన్నా, నువ్వు అద్దింది లేత నీలం. నా కళ్ళే మోసం చేస్తున్నాయేమోనని ఇక్కడ ముగ్గుర్ని అడిగాను. ఏమీ చెప్పకుండానే ముగ్గురూ నీలమే అన్నారు.

నీకు రంగు తెలియదని కాదు. నాకు రంగులు నేర్పిందే నువ్వు. అందుకే భయమేసింది. దీపం చుట్టూ ఉంగరం, అంతా బంగారు పూత... మా దర్జీ పెద్దాయనకీ ఇలాగే అయింది. కంట్లో శుక్లం ముదిరితే పసుపు అద్దంలోంచి చూసినట్టుంటుందట. గోడ నీకు మరీ పసుపుగా కనబడి, విరుగుడుకి నీలం కలుపుతూ పోయుంటావు. చిన్న ఆపరేషన్ నాన్నా. పాతికమందికి ఒకే రోజు చేసి పంపుతారు. కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళు. నా మాట విను.

ఇక్కడ అంతా బాగానే ఉంది. కొత్త నాటకం కాబట్టి పని కాస్త ఎక్కువ, అంతే.

పిల్లిని ముద్దు చేశానని చెప్పు.

నీ అమ్మడు

•

మూడు వారాల తర్వాత, బుధవారం

అమ్మడికి,

మూడు వారాలు ఉత్తరం రాయలేదు. కోపం వచ్చింది. దాచుకోను. కూతురు వచ్చి తండ్రికి నీలం అంటే ఏమిటో నేర్పుతుందా అనుకున్నాను. ఆ కోపంలోనే రెండో పూత కూడా వేసేశాను.

తర్వాత నీ ఉత్తరం పట్టుకెళ్ళి బేకరీ చెల్లెమ్మకి చూపించి, "చూడమ్మా, నాకు కళ్ళు లేవంటోంది" అన్నాను. ఆవిడ లోపలికెళ్ళి మూడు గిన్నెలు తెచ్చి, బల్ల అవతలి చివర పెట్టింది. "అన్నయ్యా, ఒకదాంట్లో వెన్న, ఒకదాంట్లో పిండి, ఒకదాంట్లో చక్కెర. కూర్చున్న చోటు నుంచే వెన్న ఏదో చెప్పండి."

"ఇదేం పరీక్షమ్మా, చిన్నపిల్లల ఆట!"

"చిన్నపిల్లల ఆటే. చెప్పండి మరి."

మూడూ ఒకేలా ఉన్నాయి. మధ్యది చూపించాను, ధైర్యంగా. ఆవిడ మధ్య గిన్నె తెచ్చి నా ముందు పెట్టింది. వేలు ముంచాను. పిండి. ఆవిడ నవ్వుతుందని చూశాను. నవ్వలేదు. నా వేలు తన కొంగుతో తుడిచింది. నవ్వినా బాగుండేది.

ఇంటికొచ్చి పిల్లిని ఒళ్ళో పెట్టుకుని నీ ఉత్తరం మళ్ళీ చదివాను. సరే, నువ్వు చెప్పింది నిజమే. అయినా డాక్టరు దగ్గరికి వెళ్ళను తల్లీ. ఎందుకో చెబుతాను, తిట్టకుండా విను. ఈ బంగారం నువ్వు వస్తానన్నాకే వచ్చిందనుకున్నాను. జబ్బు అయితే మాత్రం ఏం? జన్మంతా ఊళ్ళోవాళ్ళ గోడలకి రంగులు వేశాను. మొదటిసారి ఎవరో నాకు లోకమంతా ఉచితంగా రంగేసి పెట్టారు. దాన్ని గీకించుకోమంటావా?

గది మాత్రం మళ్ళీ వేయించాలి. నా చేత్తో కాదు. కుర్రకారు పెయింటర్లు మన వీధిలో ఇద్దరున్నారు. నా పని అయిపోయిందని వాళ్ళకి చెప్పడానికి నోరు రావడం లేదు. ఒక్క వారం ఆగుతాను.

నారింజ తొక్కలు బాగా ఎండాయి. నీ వంతు సీసాలో పెట్టాను.

నాన్న

•

ఆ మరుసటి సోమవారం

ప్రియమైన నా మొండి నాన్నకి,

గోడ ముట్టుకున్నావో ఊరుకోను. ఎవర్నీ పిలవకు. తెరలు, గలీబులు, బల్లగుడ్డ, పిల్లికి పరుపు, అన్నీ నీ బొటనవేలి ముద్ర చూసే కుట్టేశాను. ఇప్పుడు నువ్వు వెన్నరంగు వేయిస్తే నేను కుట్టిందంతా విప్పుకోవాలి. నువ్వు తప్పు రంగు వేశావనుకుంటున్నావు. నాకైతే ఆ రంగు చూసినప్పటి నుంచీ మనసు ఎందుకో తేలికగా ఉంది. పొద్దున్నే కిటికీ తీసి ముఖం బయట పెట్టినట్టు.

శుక్రవారం పొద్దుటి బస్సుకి వస్తున్నాను. శనివారం డాక్టరు. ఫోన్ చేసి మాట్లాడేశాను. ముందు కుడి కన్ను. నువ్వు తలుపుకి లోపల తాళం వేసుకుని కూర్చుంటావని నాకు తెలుసు. బేకరీ అత్త దగ్గర రెండో తాళంచెవి ఉందని నీకు గుర్తులేదు.

నీ బంగారం పోతుందేమో, నిజమే. కానీ నాన్నా, నువ్వు గ్యాస్ మీద పెట్టిన పాలు పొంగినా, నీకు మెట్టు ఒకటి తక్కువ కనబడినా, ఇక్కడ నాకు సూది గుచ్చుకుంటుంది. నీ కోసం వద్దులే. నా కోసం చేయించుకో.

నాలుగు రోజులుండి, ఇక్కడ సామాను అప్పజెప్పడానికి మళ్ళీ వెళ్ళాలి. ఆ తర్వాత వచ్చేయడమే. నేను బాగున్నాను.

నీ అమ్మడు

•

నువ్వు వెళ్ళిన ఆరో రోజు

ప్రియమైన, ప్రియమైన, ఇంకా ఎన్నిసార్లు రాసినా చాలని ప్రియమైన నా తల్లికి,

ఈ ఉత్తరం కుడి కన్నుతో రాస్తున్నాను. అక్షరాలు ఎంత నల్లగా ఉన్నాయో! సిరా ఇంత నల్లగా ఉంటుందని ఎప్పుడో మర్చిపోయాను.

పట్టీ తీసిన పొద్దున మొదట పిల్లి కనబడింది. తెల్లగా! సున్నం కొట్టినట్టు తెల్లగా! చెల్లెమ్మ దగ్గరికెళ్ళి, "అమ్మా, రంగుల విషయంలో నువ్వే గురువువి" అని దణ్ణం పెట్టాను. "మరి దక్షిణో?" అంది. పిల్లి పేరు వెన్న నుంచి పిండికి మార్చాం. పిలిస్తే పలకదు. వెన్న అన్నప్పుడూ పలకలేదులే.

గది చూశాను. నువ్వు పక్కనే ఉన్నావు కాబట్టి తెలుసు నీకు, ఎంత నవ్వానో, ఆ తర్వాత కళ్ళలో నీళ్ళు వస్తే కొత్త కన్నుకి మంచిది కాదని నువ్వు ఎలా కసిరావో. నలభై ఏళ్ళలో అంత మంచి నీలం నేను ఎప్పుడూ కలపలేదు. కావాలని కలపమంటే ఇప్పుడూ కలపలేను. ఒక గోడ దగ్గర ఎక్కువ, ఒక గోడ దగ్గర తక్కువ, పొగమంచులోంచి పగలు వస్తున్నట్టు. నీ తెరలు కట్టాక గోడ ఎక్కడ అయిపోయిందో, తెర ఎక్కడ మొదలైందో తెలియలేదు.

ఇప్పుడు నీకు చెప్పనిది చెబుతాను.

ఆ రోజంతా నేను ఒక ఆట ఆడుకున్నాను. ఎడమ కన్ను మూస్తే లోకం చల్లగా, తెల్లగా, ఉన్నదున్నట్టు. కుడి కన్ను మూస్తే మళ్ళీ నా బంగారం. వీధంతా, చెట్లన్నీ, చెల్లెమ్మ రొట్టెలన్నీ అలాగే మార్చి మార్చి చూశాను. అనుకున్నాను కదా, ఇదే బాగుంది, రెండో కన్ను వద్దని డాక్టరుకి చెప్పేస్తాను, ఒకటి పనికి, ఒకటి పండగకి.

మధ్యాహ్నం నువ్వు ఆ గదిలో కుర్చీలో నిద్రపోయావు. ఒళ్ళో బొంత, వేళ్ళ మధ్య సూది. పగలు నిద్రపోయే మనిషివి కావు నువ్వు. ముందు బంగారు కన్నుతో చూశాను. పన్నెండేళ్ళ క్రితం బస్సెక్కిన నా పిల్ల. బుగ్గలు కూడా అవే. ఎంత మురిసిపోయానో! తర్వాత ఆ కన్ను మూసుకుని, కొత్త కన్నుతో చూశాను.

పాపిడి పక్కన తెల్లవెంట్రుకలు. కళ్ళ కింద నలుపు. జాకెట్టు భుజం దగ్గర వదులైపోయి రెండు చోట్ల లోపలికి పట్టి కుట్టుకున్నావు. నిద్రలో కూడా నుదురు ముడుచుకునే ఉంది. ఎవరో పిలిస్తే లేవాలి అన్నట్టు పడుకున్నావు.

 తర్వాత పెట్టె తీసి నీ పాత ఉత్తరాలన్నీ చదివాను. "అంతా బాగానే ఉంది." "పని కాస్త ఎక్కువ, అంతే." "నేను బాగున్నాను." ప్రతి ఉత్తరంలోనూ ఇలాంటి వాక్యం ఒకటి ఉంది. నేను ప్రతిసారీ నమ్మాను. ముసలి తండ్రిని చూసుకోవడానికి కూతురు ఉద్యోగం మానుకుని వస్తోందని వీధంతా చెప్పుకుని తిరిగాను. నువ్వూ అలా అనుకోనిచ్చావు.

ఏమైందని అడగను. అక్కడ నిన్నెవరైనా బాధపెట్టారా, ఒళ్ళు బాగుండటం లేదా, ఒంటరితనమా, ఏదో ఒకటి. చెప్పాలనిపించినప్పుడు చెబుతావు, లేకపోతే లేదు. నేను మాత్రం డాక్టరు దగ్గరికెళ్ళి రెండో కన్నుకి రోజు రాయించుకున్నాను. వచ్చే గురువారం. బంగారం పోతే పోనీ. కూతురు ముఖం సగం నిజంగా, సగం కలగా చూసే తండ్రిగా నేను ఉండలేను.

బాధపడుతూ రాస్తున్నానని అనుకోకు. నిజం చెప్పాలంటే పట్టలేనంత సంతోషంగా ఉన్నాను! నువ్వు నన్ను చూసుకోవడానికి వస్తున్నావని తెలిసినప్పుడే అంత ఎగిరానే, నేను నిన్ను చూసుకోవాలని తెలిశాక ఎంత ఎగరాలి? ఈ వయసులో నాకు ఉద్యోగం దొరికింది, అమ్మడూ! పొద్దున్నే చెల్లెమ్మ దగ్గర వంట నేర్చుకుంటున్నాను. నిన్న గుమ్మడికాయ సూప్ చేస్తే పిల్లి కూడా తాగింది. ఇవాళ ఉప్పు కూడా సరిపోయింది.

కొట్టుకి బోర్డు రాసి ఉంచమన్నావు. రాయను. మూడు నెలలు కొట్టూ లేదు, కుట్టూ లేదు. ఆ గదిలోకి కుట్టుమిషన్ కాదు, మంచం చేర్చాను. కిటికీ పక్కన, ఎండ పాదాల మీద పడేట్టు.

రా తల్లీ. వచ్చి, ఎవరూ పిలవని నిద్ర ఒకటి పో. లేచేసరికి ఎదురుగా కూర్చుని ఉంటాను.

పని దొరికిన సంతోషంలో
నీ నాన్న