కొక్కెం విరిగిందన్నావు

ప్రియమైన నాన్నకు,
ఫోన్ ఎత్తవు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. నువ్వు కొండ మీద నుంచి దూకావని పక్కింటి పిన్ని చెబితే గానీ నాకు తెలియలేదు! రిటైరైన బస్సు డ్రైవరువి, పెద్ద గాలిపటంలాంటి బట్టరెక్క భుజానేసుకుని గాల్లోకి వెళ్తావా? నీకేమైనా మతిపోయిందా? నేను పనిచేసేది ఎక్స్‌రే గదిలో. పడినవాళ్ల ఎముకలు రోజూ చూస్తున్నాను. అమ్మ పోయాక నాకున్నది నువ్వొక్కడివే. మానెయ్.
కోపంతో,
నీ కూతురు

ప్రియమైన అమ్మలూ,
దూకలేదే, పరిగెత్తాను. రెక్క లేచిపోయినా నా కాళ్లు గాల్లో పరిగెడుతూనే ఉన్నాయట, అందరూ ఒకటే నవ్వు.
కొండకు కొట్టుకున్న గాలి పైకి లేస్తుంది. అదే రెక్కను మోస్తుంది. నేను దాని కింద కొక్కేనికి పట్టీలు తగిలించుకుని వేలాడతాను. ఒళ్లు కుడికి జరిపితే కుడికి తిరుగుతుంది, ఇంజనే లేదు. ఒకప్పుడు కుర్రకారు వెదురుబొంగులకు ప్లాస్టిక్ పట్టా కట్టి ఇసుకదిబ్బల మీద ఎగిరేవారట. తేలికైన గొట్టాలు, గట్టి బట్ట వచ్చాక ఆదివారం సరదా అయిపోయింది. మా గుంపులో పళ్ల డాక్టరు కూడా ఉన్నాడు.
ఉద్యోగమంతా చక్రాలు నేల మీద ఉంచడమే నా పని. ఇప్పుడైనా వదలనీ తల్లీ.
మీ నాన్న

అమ్మలూ,
ఎడమచేత్తో రాస్తున్నాను, నవ్వకు. నువ్వు ఆస్పత్రి నుంచే వెళ్లిపోయావు, ఇల్లు బావురుమంటోంది. నేను చేతులతో రెక్క పట్టుకుని వేలాడుతూ పొదల్లో పడటం నీ కళ్లబడింది, అదే నా బాధ. కొక్కెం పాతది, విరిగింది. ఎవరి తప్పూ లేదు. నన్ను ఆపడానికి నువ్వొచ్చి, కొండ మీద మనం పోట్లాడుకున్నది మర్చిపో.
నీ కట్టుచేతి నాన్న

నాన్నా,
ఆ కొక్కెం అమ్మినవాడెవడో కనుక్కుని నిలదీద్దామని, నీకు ఎగరడం నేర్పిన మీ గురువుగారి దగ్గరికి వెళ్లాను. ఆయన దాన్ని తెచ్చి నా చేతిలో పెట్టాడు. గీత కూడా పడలేదు.
"మీ నాన్న పట్టీలు కొక్కేనికి తగిలించుకుని పరుగుకి సిద్ధంగా ఉన్నాడమ్మా. నువ్వు గట్టిగా పిలిచావని విప్పుకుని వచ్చాడు. విప్పినవాడు మళ్లీ తగిలించుకుని, ఒకసారి వేలాడి చూసుకున్నాకే పరిగెత్తాలి. గొడవపడి వెళ్లిన కోపంలో తగిలించుకోవడమే మర్చిపోయాడు. నేనూ చూసుకోలేదు" అన్నాడు.
నిన్ను ఆపుదామని అంత దూరం వచ్చాను. పరిగెత్తద్దని అరిచాను. నువ్వు వేలాడుతుంటే పట్టుకుందామని కింద చేతులు చాచి పరిగెత్తాను కూడా. చివరికి నువ్వు పడటానికి కారణం నేనా? అది తెలిసీ, నేను తట్టుకోలేనని ఎడమచేత్తో అబద్ధం రాశావా?
చెయ్యి అతుక్కున్నాక ఎగురుతావో మానతావో నీ ఇష్టం. వద్దనే నోరు నాకిక లేదు. శనివారం వస్తున్నాను. ఈసారి అరవను నాన్నా.
నీ అమ్మలు