మా అవ్వ భుజానికి దెబ్బ తగలలేదు

బాన్సువాడ,
తేదీ: 08-08-2025.

శ్రీయుత జైళ్ల పర్యవేక్షణాధికారి గారి సముఖమునకు, బాన్సువాడ పాత రైసుమిల్లు గల్లీ నివాసి, స్వచ్ఛంద పదవీ విరమణ చేసిన సీనియర్ అసిస్టెంటు భీంరావు, వయస్సు 58 సంవత్సరాలు, వ్రాసి సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: సబ్ జైలు బందీల సాయంకాలపు వాలీబాల్ ఆటపై నేను ఇచ్చిన ఫిర్యాదు అబద్ధమని ఒప్పుకొనుట – ఆటను తిరిగి ప్రారంభింపజేయుట – బందీ హీరాలాల్‌పై విధించిన శిక్షను రద్దు చేయుట – గురించి.

సూచిక: (1) నా ఫిర్యాదు, తేదీ 02-07-2025. (2) దానిపై తమ ఉత్తర్వు, తేదీ 11-07-2025.

పై విషయమై తమకు మనవి చేసుకొనునది ఏమనగా, సూచిక (1)లో నేను రాసినవాటిలో నా పేరు, చిరునామా, తేదీ నిజం. మిగిలినవి నిజం కావు. వాటి వివరం ఈ కింద వరుసగా సమర్పించుకొనుచున్నాను.

1. జైలు వెనుక గోడే మా పెరటికి కూడా గోడ. మా వైపు నేల మెట్టగా ఉన్నందున అది ఇటునుంచి మనిషి నిలువెత్తు మాత్రమే ఉంటుంది, పైన ముళ్లతీగ. రోజూ సాయంత్రం నాలుగున్నర నుండి ఐదున్నర వరకు బందీలు లోపల వాలీబాల్ ఆడుకునేవారు. వారానికి మూడు నాలుగుసార్లు బంతి గోడ దాటి మా పెరట్లో పడేది. వెంటనే అవతలి నుండి "అవ్వా, బాల్!" అని కేక వచ్చేది. మా అవ్వ, అనగా మా తల్లి గంగుబాయి, వయస్సు 76, ఎక్కడున్నా చేతిలో పని వదిలి వెళ్లి, బంతిని రెండు చేతులా ఎత్తి గోడ మీదుగా వేసేది. మొదట్లో బంతి తీగకు తగిలి ఆమె కాళ్ల దగ్గరే పడేది. "ఇంకొద్దిగ అవ్వా! ఇంకొద్దిగ!" అని అటునుంచి హుషారు చేసేవారు. మూడోసారికో నాలుగోసారికో బంతి దాటితే చప్పట్లు కొట్టేవారు. వారి ముఖాలు ఆమె చూడలేదు, ఆమె ముఖం వారు చూడలేదు.

2. సదరు గంగుబాయికి గత జనవరిలో కుడి భుజం పట్టేసి చెయ్యి పైకి లేవలేదు. దవాఖానలో డాక్టరమ్మ చూసి, రోజుకు ఇరవైసార్లు చెయ్యి తల పైకి ఎత్తాలని చీటీ రాసి ఇచ్చింది. నేను చెబితే ఆమె ఒక్కసారి కూడా ఎత్తలేదు. బందీలు అడిగితే ఎత్తింది. ఏప్రిల్ వచ్చేసరికి తన జడ తానే వేసుకుంది.

3. ఇట్టి పరిస్థితులలో నేను తమకు రాసినది ఏమనగా, "బందీలు బుద్ధిపూర్వకంగా విసిరిన బంతి తగిలి వృద్ధురాలి కుడి భుజానికి తీవ్ర గాయమైనది, వీధిలో శాంతికి భంగం కలుగుచున్నది." సాక్ష్యంగా పైన చెప్పిన డాక్టరు చీటీ జిరాక్సు జతచేశాను. చీటీ మీద ఫిబ్రవరి తేదీ ఉన్నది. ఆ తేదీ కనబడకుండా కాగితాన్ని మడిచి జిరాక్సు తీయించింది నేనే. ఆ రోజు సాయంత్రం చివరిగా పడిన బంతిని కూడా మా అవ్వ చూడకముందే తీసి, గోనెసంచిలో పెట్టి కుట్టి, లక్క ముద్ర వేసి, ఫిర్యాదుతోపాటు తమ కార్యాలయంలో అప్పగించాను.

4. ముప్పై మూడు సంవత్సరాలు నేను ఒక సర్కారు కార్యాలయంలో అర్జీలు తీసుకున్నవాడిని. అర్జీ అన్నది మూడు టేబుళ్లు దాటేసరికి ఎండాకాలం వానాకాలం అవుతుందని నాకు తెలుసు. ఎవరూ చదవరన్న ధైర్యంతోనే అంత ఘాటుగా రాశాను. తమరు చదివినారు. తొమ్మిది రోజుల్లో ఉత్తర్వు వచ్చింది. నెట్టు విప్పేశారు, ఆట బందు పెట్టారు. నా ఉద్యోగ జీవితంలో ఏ పేదవాని అర్జీనీ నేను తొమ్మిది రోజుల్లో కదపలేదు. నా అబద్ధం మాత్రం తొమ్మిది రోజుల్లో కదిలింది.

5. ఆట ఆగిన తర్వాత వీధిలో శాంతి ఏర్పడలేదు. ముప్పై మందికి పైగా మనుషులు పొద్దంతా ఒకే చోట కూర్చుంటే ఏమవుతుందో వారం రోజుల్లో మా పెరట్లోకి వినబడసాగింది. సరిగ్గా ఆ నాలుగున్నర వేళకే బూతులు, పెనుగులాట, ఆ వెనుక సిబ్బంది విజిల్. చేతికి కాలికి పని లేని మనిషి పక్కవాడి మీద పడతాడు. లోపల ఒక కేరం బోర్డు ఉన్నదని, దానికి సగం టిక్కీలు లేవని కూడా తర్వాత తెలిసింది. ఫిర్యాదులో నేను కల్పించి రాసిన అశాంతి నా ఫిర్యాదు తర్వాతనే మొదలైంది. ఈ సంగతి తమకు అప్పుడే తెలుపవలసి ఉండెను. కిటికీ తలుపు మూసుకొని కూర్చున్నాను.

6. ఇక అసలు విషయం. ఈ నెల నాలుగవ తేదీన పిట్లం బస్సు దిగి ఒక తండా ఆమె జైలు గేటు దాకా వెళ్లి, లోపలికి పోనివ్వకపోతే తిరిగి వస్తూ మా అరుగు మీద కూర్చొని మంచినీళ్లు అడిగింది. పేరు లాలి. మా అవ్వ చెంబుతో నీళ్లిచ్చి అడిగింది:

"లోపల ఎవలున్నరు బిడ్డా?"

"మా ఆయన అవ్వా, హీరాలాల్. కాలువ నీళ్ల వంతు కాడ కొట్లాటైతే ఆర్నెల్లు పడ్డది. నాట్ల కూలి ఇడిసిపెట్టుకొని అస్తే ఇంకో నెల దాక ములాఖత్ లేదంటుండ్రు. గిది రెండోసారి తిరిగిపోవుడు."

"ఎందుకు లేదంట?"

"బాల్ కొట్టి ఎవలో ముసలామెకు దెబ్బ తాకిచ్చిండంట. ఎవలు కొట్టిండ్రని అడిగితే ఈయననే లేసి, ఆఖరు బాల్ నాదే అని చెప్పిండంట. ఆమె భుజం ఇరిగిందని చెప్పిండ్రంట ఈయనకు. ఫోన్ల ఒకటే ఏడుపు. ఆ అవ్వ మాకు బాల్ ఇస్తుండె లాలీ, గసొంటి ఆమెను కొడితి, ఉన్నదో పోయిందో గూడ తెల్వదు అంటుండు. సరింగ బువ్వ తింటలేడంట."

నేను అప్పుడు తలుపు వెనుక నిలబడి ఉన్నాను. మా అవ్వ ఖాళీ చెంబు తీసి పక్కన పెట్టింది. తరువాత అన్నది:

"ఈ గోడెంబడి ఉన్న ముసల్దాన్ని నేనొక్కదాన్నే గద బిడ్డా."

అని కుడిచెయ్యి తల పైకి నిలువునా ఎత్తి చూపించింది. లాలి లేచి, ఆ భుజాన్ని రెండు చేతులా పట్టుకొని, సంతలో మేక కొనేవారు చూసినట్టు నొక్కి నొక్కి చూసింది. "నొస్తుందా అవ్వా? ఈడ? ఈడ నొస్తుందా?" అని అడుగుతూనే ఏడ్చింది.

7. ఆ మీదట మా అవ్వ నన్ను బయటికి పిలిచింది. ఎవరు రాశారని అడగలేదు. మా ఇంట్లో కలం పట్టేవాడిని నేనొక్కడినే. ఆమె అన్నది యథాతథంగా రాస్తున్నాను:

"ఈ చేత్తోని నీ చెంప పగలగొడుదునురా. ఏం చేద్దు, తీవ్ర గాయమైందని సర్కారుకు రాసిస్తివి. లేస్తలేదు."

లాలి నన్ను తిట్టినా బాగుండేది. తిట్టలేదు. కళ్లు తుడుచుకొని, "సారూ, రాసింది మీరేనట గదా. కొట్టెయ్యనీకి గూడ మీరే రాయిండ్రి. మాకు రాయనీకి అస్తదా ఏమన్న" అన్నది. మూడు గంటల బస్సుకు వెళ్లిపోయింది. ఇరవై ఏళ్లు చిన్నదైన ఆ మనిషి ముందు నాకు తల ఎత్తడం చేతకాలేదు.

8. అయినా బుద్ధి రాలేదని కూడా తమకు తెలియజేయుట నా విధి. అయిదవ తేదీన నేను మొదట రాసిన అర్జీ ఇది కాదు. "వృద్ధురాలి గాయం పూర్తిగా మానినందున, దయతలచి బందీలను క్షమించవలసినది" అని ఒకటి రాశాను. అందులో నా తప్పు లేదు, వారి తప్పు ఉన్నది, పైగా నా దయ ఉన్నది. పింఛను మీద బతికేవాడిని, తప్పుడు ఫిర్యాదు కేసు మీదికి వస్తుందన్న భయంతో అట్లా రాశాను. చదివి వినిపిస్తే మా అవ్వ కాగితం లాక్కున్నది. "మానుడేంది? తాకితే గద మానుడు! తాకనే లేదని రాయి. రాసినోడు లంగదొంగ అని రాయి." రెండో మాటకు సర్కారు భాషలో సరైన పదం దొరకక, దానిని ఉన్నది ఉన్నట్టుగా ఇక్కడ నమోదు చేసినాను.

9. కావున తమరిని ప్రార్థించునది:

(అ) గంగుబాయికి ఏ బంతీ తగలలేదని, ఆమె చెయ్యి తల పైకి లేస్తున్నదని బందీ హీరాలాల్‌కు ఈ కాగితం అందిన రోజే తెలుపవలెను. మిగిలినవి ఆలస్యమైనా సరే, ఇది ఒక్కటి ఆలస్యం కారాదు. ఎదుటివాడు చెయ్యని తప్పుకు అన్నం మానేస్తే, చేసినవాడిని నేను రెండు పూటలా తింటున్నాను.

(ఆ) సదరు హీరాలాల్ ములాఖత్ శిక్షను రద్దు చేసి, అతని రికార్డులో నా వల్ల పడిన రాతను కొట్టివేయించవలెను. అది అట్లాగే ఉంటే విడుదలకు అడ్డు వస్తుందేమోనని వారి తండాలో ఫికర్ పడుతున్నారు. కొట్టివేతకు కారణం రాయవలసిన చోట నా పేరు రాయవచ్చును.

(ఇ) గోనెసంచిలోని బంతి తమ కార్యాలయంలోనే ఉన్నది. అది నేరం చేసిన వస్తువు కాదు. ముద్ర పగలగొట్టించి బందీలకు ఇప్పించవలెను. నెల దాటింది కనుక గాలి కొట్టించవలసి ఉంటుంది.

(ఈ) సాయంకాలపు ఆట గంటను తిరిగి ఇప్పించి, వాన రోజుల్లో లోపల ఆడుకొనుటకు కేరం టిక్కీలు కూడా ఇప్పించవలెను. బంతి మా పెరట్లో పడుటకు నా వైపు నుండి ఇక మీదట ఎట్టి అభ్యంతరమూ లేదని ఇందుమూలముగా హామీ ఇస్తున్నాను.

(ఉ) నాపై చట్టప్రకారం తీసుకొనదగిన చర్య తీసుకొనవలెను. గోటితో పోయేదానిని గొడ్డలి దాకా నేనే తెచ్చాను. నన్ను ఆ గోడ అవతలికే పంపించినా మా అవ్వ అభ్యంతరం చెప్పదని ఆమె స్వయంగా చెప్పియున్నది.

ఈ అర్జీనైనా నా మొదటి అర్జీ అంత త్వరగా చిత్తగించవలెనని రెండు చేతులు జోడించి వేడుకొనుచు,

తమ విధేయుడు, ఇప్పటికి నిజం చెప్పినవాడు,
(సంతకం)
భీంరావు

జతపరచినవి: డాక్టరు చీటీ అసలు ప్రతి, మడత లేకుండా, తేదీ కనబడునట్లు; గంగుబాయి కుడిచేతి వేలిముద్ర.

తా.క.: అయ్యా, పైదంతా మా అవ్వకు చదివి వినిపించాను. అంతా విని, "ఏం రాసినవో చెప్పినవు. ఎందుకు రాసినవో చెప్పకపోతివి" అన్నది. ఆమె వేలిముద్ర వేసిన కాగితంలో అది లేకపోతే ఇదీ అబద్ధమే అవుతుంది కనుక రాస్తున్నాను.

జూలై ఒకటవ తేదీ సాయంత్రం నేను లోపల పేపరు చూస్తుండగా పెరట్లో ఎవరో ఆడమనిషి పగలబడి నవ్వింది. బీర్కూర్ నుంచి చుట్టాలెవరో వచ్చారనుకొని బయటికి వచ్చాను. మా అవ్వ. బంతి తీగకు తగిలి వెనక్కి వచ్చి ఆమె నీళ్ల గంగాళంలో పడి, ఆమెను నిలువునా తడిపింది. గోడకు అటు వాళ్లు, ఇటు ఈమె, ఆపకుండా నవ్వుతున్నారు. నన్ను చూడగానే ఆమె నవ్వు ఆపి, తడి కొంగు పిండుకుంటూ లోపలికి పోయింది. ఆ ఇంట్లో మేమిద్దరమే ఉంటాము. పదకొండేళ్లుగా నేను ఆమెతో తిన్నవా అని, మందుగోలి ఏసుకున్నవా అని రెండు మాటలే మాట్లాడుతున్నాను. అది మా అవ్వ నవ్వు అని కూడా నేను గుర్తుపట్టలేకపోయాను. ముక్కు మొహం తెలియని దొంగలకు దొరికిన నవ్వు నాకు దొరకలేదని కడుపు మండింది. మర్నాడు ఫిర్యాదు రాశాను.

ఇది చెబితే మా అవ్వ వచ్చి నా పక్కన కూర్చున్నది. తరువాత, కోపం లేకుండా, అడిగింది:

"వాళ్లు గోడ అవుతల నుంచి అవ్వా అని పిలిస్తే నేను ఉరికిన, కొడకా. నువ్వు ఇంట్లనే ఉంటివి. ఒక్కనాడన్న గట్ల పిలిచినవా?"

పిలవలేదు, అయ్యా.