స్విమ్మింగ్ పూల్‌కి పేరు వద్దు

భవన యజమాని గారికి,

స్విమ్మింగ్ పూల్‌లో తలకు దెబ్బ తగిలి పోయిన మా ఆవిడ పేరు ఆ పూల్‌కే పెడతామని కబురు చేశారు. వద్దండి.

లోతని నమ్మి ఆమె దూకిన చోట నీళ్లు నడుము దాకానే ఉన్నాయి. గట్టు మీది లోతు అంకెలు మీరు వేయించిన రంగు కింద పోయాయి. వాచ్‌మన్ గుర్తుచేస్తే, "ఇక్కడ తెలియనివాళ్లెవరున్నారయ్యా?" అన్నారట. మేం అప్పుడే కొత్తగా దిగాం.

"పేరు పెట్టి చేతులు దులుపుకుంటాడు, కేసు వెయ్యి బావా" అంటున్నాడు మా బావమరిది. నేనింకా తేల్చుకోలేదు.

ఈలోగా పై వాటాలోకి పిల్లలున్న కుటుంబం వచ్చింది. "అంకుల్, ఎటువైపు లోతు?" అని పిల్లలు నన్నడిగారు. చెప్పాను. అందరూ అడగరు.

అంకెలు మళ్లీ రాయించండి. అంతవరకు పూల్ గేటు తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. వాచ్‌మన్‌ని ఏమీ అనకండి. నేనే బలవంతంగా తీసుకున్నాను.

ఇట్లు,
మూడో అంతస్తులో అద్దెకున్నవాడు