ఓడిన కోచ్‌గారి ప్రమోషన్లు

ఫార్మింగ్టన్ హిల్స్, అమెరికా,
సెప్టెంబర్ 8

అథ్లెటిక్స్ డైరెక్టర్ బక్లీగారికి పరంధామయ్య నమస్కారాలు.

నెల్లూరులో ముప్ఫై ఏళ్లు డ్రిల్లు మాస్టారుగా చేసినవాణ్ణి. ఇంగ్లీషులో తిడితే నాకు తృప్తి ఉండదు కనక తెలుగులో రాస్తున్నాను. చదివించుకోవడం మీ బాధ్యత.

మీ కాలేజీ ఫుట్‌బాల్ టీముకి ఆరేళ్లు కోచ్‌గా ఉండి నాలుగంటే నాలుగు మ్యాచ్‌లు గెలిచారు. ఇంటికి పంపాల్సింది పోయి మిమ్మల్ని ఆటలన్నిటికీ అధికారిని చేశారు. కుర్చీ ఎక్కిన వారానికే ఆడపిల్లల స్విమ్మింగ్ టీము ఎత్తేశారు. మీ కాలేజీలో గెలిచే టీము అదొక్కటే! మా మనవరాలు దియ అందులోనే ఈదుతోంది. రెండు రోజులుగా పిల్లకి అన్నం సయించడం లేదు.

ఇట్లు,
పరంధామయ్య

తా.క.: ఆ నాలుగింటిలో ఒకటి అవతలివాళ్ల బస్సు చెడిపోయి రాకపోతే గెలిచిందట.

సెప్టెంబర్ 15

పరంధామయ్య అంకుల్‌కి నమస్తే.

నేను ఈ ఆఫీసుల అసిస్టెంట్‌ని. పేరు నమ్రత, మాది వరంగల్. మీ ఉత్తరం సార్‌కి నేనే చదివి చెప్పిన. నా వీసా పేపర్ల మీద ఆయనే సంతకం పెట్టాలె. అందుకే జర మెత్తగ, ‘ఆరేళ్ల మీ సేవ మరువలేనిది’ అన్నరని చెప్పిన. సార్ కండ్లల్ల నీళ్లు! వచ్చే శుక్రవారం కాలేజీ నడిపే ట్రస్టీల డిన్నర్‌ల మీరు మాట్లాడాల్నట.

మీ,
నమ్రత

తా.క.: మీ ఉత్తరాన్ని ఫ్రేమ్ కట్టించి సార్ తన రూమ్‌ల గోడకు పెట్టుకున్నరు. తెలుగు పిల్లల్ని ఆ రూమ్‌లకి పోనిస్తలేను.

సెప్టెంబర్ 18

చిరంజీవి నమ్రతకు ఆశీస్సులు.

నా తిట్లని దండ గుచ్చి ఆయన మెడలో వేశావా తల్లీ! సరే, వస్తాను. తెలుగులోనే మాట్లాడతాను. నీకు వీసా భయం ఉంటే తప్పుకో, ఏమీ అనుకోను. దియ ఇంగ్లీషులో చెబుతుంది. దాని తెలుగు అంతంత మాత్రమే గానీ కోపం మాత్రం పూర్తిగా ఉంది.

పరంధామయ్య

తా.క.: తిట్టడానికి వెళ్లేవాడికి కోటు ఇస్త్రీ చెయ్యాలా అని మా ఆవిడ రత్నం అడుగుతోంది.

సెప్టెంబర్ 27

అంకుల్‌కి నమస్తే.

డిన్నర్‌ల దియను కూసోమని మైక్ నేనే తీసుకున్న. వీసా భయమున్నా మీ తిట్లల్ల ఒక్క ముక్క మెత్తజెయ్యలే. హాలంత నవ్విన్రు, సార్ కూడా నవ్విన్రు.

మీరు పోయినంక ట్రస్టీలు గంటసేపు తలుపులేసుకున్నరు. సార్‌ని డైరెక్టర్ కుర్చీల నుంచి తీసేసి... కాలేజీకి వైస్ ప్రెసిడెంట్‌ని చేసిన్రు! అన్ని తిట్లు తిని నవ్వేటాయన పెద్ద పదవికి పనికొస్తడట. కొత్తాయన దొరికేదాక డైరెక్టర్ పని నన్ను చూడమన్నరు. మొదటి సంతకం స్విమ్మింగ్ టీముకే పెట్టిన. సోమవారం పొద్దున ఆరింటికి ప్రాక్టీస్, దియను పంపండి.

మీ,
నమ్రత

తా.క.: ప్రెసిడెంట్ పోస్టు ఖాళీ అయితే ఇంకోసారి వచ్చి తిట్టిపోతరా అని సార్ అడగమన్నరు.